సోమసూత్రము చెప్పిన చరిత్ర



మన శివాలయ జీర్ణోద్ధరణ, అష్టబంధన మహాకుంభాభిషేక సందర్భమున వెలువడుచున్న ఈ సంచికకు ఆలయ చరిత్రను వ్రాసి ఇమ్మని సంఘము పెద్దలు నన్ను ఆదేశించినారు. ఆలయ చరిత్ర అనగానే ఏ రాజు కట్టించినాడు, ఏ శాసనము ఉన్నది, ఎవరు మాన్యములు ఇచ్చినారు అను విషయములు వ్రాయుట పరిపాటి. మన ఆలయమునకు శాసనము లేదు. కట్టించిన వారు తమ పేరు చెక్కించుకొనలేదు. వారు మనకు విడిచిపోయినది రాతి కట్టడము, దానిలో ఒక నీటి దారి. కనుక నేను వ్రాయునది ఆ నీటి దారి చరిత్ర. ఆ దారి మూసికొనిపోగా నైరుతి మూల గోడకు ఏమి జరిగినదో, ఆ గోడ పేర ఒక ఇంటివారికి మనము ఏమి చేసినామో కూడ ఇందులో చెప్పవలసి ఉన్నది. గోపురమునకు రంగులు వేసిన సంగతి అందరికిని కనబడును. ఈ సంగతి కనబడదు కనుక అచ్చులో ఉండవలెనని నా కోరిక.

శాస్త్రము చెప్పినది

మన పూర్వులు గోడ కట్టుటకు ముందు నీటిని విచారించినారు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమును ప్రత్యేకముగ భూగర్భ జలమునకే కేటాయించినాడు. మనిషి దేహములో రక్తనాళములు ఉన్నట్లే భూమిలోపల జలశిరలు పైన, క్రింద ప్రవహించునని ఆయన భావము. ఏ చెట్టు ప్రక్కన పుట్ట ఉన్నది, ఎంత లోతున ఏ రంగు మట్టి పడును, త్రవ్వునపుడు ఏ ప్రాణి కనబడును అను గుర్తులను పట్టి నీటి జాడను తెలిసికొను పద్ధతిని వివరించినాడు. ఆ గుర్తులన్నియు నేటి పరీక్షకు నిలుచునా అను ప్రశ్న వేరు. కంటికి కనబడని నీటిని కంటికి కనబడు గుర్తులతో వెదకవలెనను బుద్ధి మాత్రము ఎన్నటికిని చెల్లునదే.

ఆ గ్రంథముననే గృహనిర్మాణమునకు భూపరీక్ష చెప్పబడినది. ఒక మూర లోతున గుంట త్రవ్వి, తీసిన మట్టితోనే దానిని పూడ్చవలెను. మట్టి మిగిలిన ఉత్తమము, సరిపోయిన మధ్యమము, చాలకపోయిన అధమము. లేదా గుంట నిండ నీరు పోసి, నూరడుగులు నడచి తిరిగి వచ్చి చూడవలెను. నీరు తగ్గకున్న ఆ భూమి మంచిది. మంత్రము తెలియని కూలివాడు సైతము దీనిని చేయగలడు. నేల నీటిని ఎంత త్వరగా త్రాగునో తెలిసికొనక పునాది వేయరాదను నియమము ఇందులో ఇమిడి ఉన్నది.

పెద్దలు కట్టినవి

ములుగు సమీపమున పాలంపేటలో రామప్ప దేవాలయమును మీలో పలువురు దర్శించి ఉందురు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయము అది. 2021 జులైలో ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తింపు పొందినది. నీట తేలు ఇటుకలతో కట్టిన శిఖరమును అందరును పొగడుదురు. నా దృష్టి ఎప్పుడును పునాది మీదనే. ఆలయము క్రింది నేలను లోతుగా త్రవ్వి ఇసుకతో నింపి, దానిపై అధిష్ఠానమును నిలిపినారు. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించి బీటలు వారును. ఇసుకకు ఆ గుణము లేదు. చుట్టును కదలకుండ బంధించినచో నీరు దానిలోనికి వచ్చినను, పోయినను అది తన చోటనే ఉండును. ప్రక్కనే అంత పెద్ద చెరువు ఉన్న చోట ఆ శిల్పులు నీటితో పోరాడలేదు. దాని రాకపోకలను సహించు పునాది వేసినారు.

నంద్యాల సమీపమున నల్లమల పాదమందలి మహానంది క్షేత్రమును తలచుకొనండి. అక్కడ స్వామి ఉన్నదే ఊట మీద. గర్భాలయము క్రింది నుండి వచ్చు జలము పుష్కరిణిలో పడి, అటనుండి పొలములకును, అరటితోటలకును పోవుచున్నది. శతాబ్దములుగా రేయింబవళ్ళు నీరు పారుచున్నను ఆలయము చెక్కుచెదరలేదు. ఏలనగా ఆ నీటికి దారి ఉన్నది. సప్తనదీ సంగమేశ్వరుని ఆలయమైతే శ్రీశైలం జలాశయము ఏర్పడిన నాటి నుండి ఏటా నెలల తరబడి నీట మునిగి, నీరు తగ్గినపుడు బయటపడి పూజలందుకొనుచున్నది. నీరు తగిలినంత మాత్రమున రాయి చెడదని ఇవి మనకు చెప్పుచున్నవి. దారి లేని నీరు, రాళ్ళ సందున దూరి మట్టిని కొంచెము కొంచెముగా తన వెంట తీసికొనిపోవు నీరు, అదియే ప్రమాదకరము.

జావా ద్వీపమందలి బోరోబుదూరు బౌద్ధ స్తూపమునకు పట్టిన రోగము కూడ ఇదే. కొండ మట్టిపై సున్నము లేకుండ పేర్చిన రాళ్ళ సందులలో వాననీరు దిగి, లోపలి మట్టి కదలి, గోడలు ఒరగినవి. 1907 నుండి 1911 వరకు డచ్చి వారి కాలములో ఒకసారి బాగుచేసినారు. పైభాగము చక్కబడినను లోపలి నీరు ఆగలేదు. తుదకు పది లక్షలకు పైగా రాళ్ళను విప్పి, లోపల నీరు పోవు మార్గములు అమర్చి, 1983 ఫిబ్రవరి నాటికి పని ముగించినారు. పైన చక్కదిద్ది లోపల విడిచినచో పని రెండుసార్లు చేయవలసి వచ్చును.

ఇక మన ప్రాంతమున ఎవరును మరువలేనిది శ్రీకాళహస్తి రాజగోపురము. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురము 2010 మే 26న కూలిపోయినది. పగుళ్ళు పెరుగుచున్నవని ముందే గమనించి జనమును దూరముగ పంపుట వలన ప్రాణనష్టము తప్పినది. 2017 ఫిబ్రవరిలో నూతన గోపురమునకు కుంభాభిషేకము జరిగినది. ఆ వార్త విన్న రాత్రి ప్రతి ఊరి అర్చకుడును దీపము పట్టుకొని తన ఆలయ గోడలను చూచికొని ఉండును. నేనును చూచినాను.

మన గోడ

మన ఆలయము తూర్పు ముఖము. గర్భాలయపు నైరుతి మూలలో, వెలుపలి గోడకు అధిష్ఠానము నుండి రెండు మూరల ఎత్తు వరకు తేమ ఉండెడిది. రాతిపై తెల్లని ఉప్పు పూత పూచి, చేతితో తుడిచిన రాలెడిది. ఆ రాత్రి దీపపు వెలుగులో చూడగా రాళ్ళ కూర్పు వెంట ఒక సన్నని పగులు కనబడినది. తరువాతి యేండ్లలో అది చిటికెనవ్రేలు దూరునంత వెడల్పు అయినది. ఆ మూల నేలరాయి రెండు వ్రేళ్ళు క్రుంగినది.

కారణము ఏమి? కోనేరని కొందరు, వాన అని కొందరు అన్నారు. ప్రాకారమునకు వెలుపల ఆ మూలనే ఒక పేద కుటుంబము వారి ఇల్లు ఉన్నది. వారి వాకిట కుళాయి ఉన్నది. గోడకు దగ్గరగా ఉన్న నీరు అదే కనుక తప్పు దానిదేనని క్రమముగా ఊరంతయు నమ్మినది. 2018 వేసవిలో ఆ కుళాయిని తీసివేయించినారు. ఆ సభలో నన్ను అడుగగా, స్వామి ఆలయము కన్న కుళాయి ఎక్కువా అని అన్నవాడను నేనే.

గోడ ఆరలేదు. నేలలోని తడి ఇంకుటకు కాలము పట్టునని చెప్పుకొన్నాము. 2020 మార్చిలో మహమ్మారి వలన ఆలయములలో భక్తుల దర్శనము నిలిచిపోయినది. జూన్ 8న తిరిగి తలుపులు తెరచునాటికి మన నైరుతి గోడ పొడిగా, తెల్లగా ఉన్నది. చూచితిరా, కుళాయి తీసిన ఫలితమని అందరమును సంతోషించినాము. ఆ సంవత్సరము కార్తికము దాటగానే తేమ మరల వచ్చినది. అప్పుడు ఆ ఇంటివారు రహస్యముగా గొట్టము వేసికొన్నారని నింద పుట్టినది. వారి వాకిలి త్రవ్వించి చూచినారు. ఏమియు దొరకలేదు. దొరకకపోయినను నింద పోలేదు.

ఎప్పుడు తడి, ఎప్పుడు పొడి?

జీర్ణోద్ధరణ సంకల్పించి స్థపతి గారిని పిలిపించినప్పుడు ఆయన గోడను తాకకముందే నన్ను ఒక ప్రశ్న అడిగినారు. తడి ఎక్కడ ఉన్నదని కాదు, ఎప్పుడు ఉండునని. నేను పంచాంగపు అంచులలో ఆలయ విశేషములు వ్రాసికొను అలవాటు గలవాడను. పాత పంచాంగములు తీసి చూచినాము. చైత్ర వైశాఖములలో కోనేరు అడుగంటినను గోడ తడిగానే ఉన్నది. కనుక కోనేరు కాదు. వానలు లేని మాఘములో శివరాత్రి తరువాత తడి పెరిగినది. కనుక వాన కాదు. కుళాయి తీసిన పిమ్మట రెండేండ్లు తడి ఉన్నది. కనుక కుళాయి కాదు. భక్తులు రాని ఆ రెండున్నర నెలలు, నేనొక్కడనే ఒక చెంబెడు నీటితో నిత్యాభిషేకము జరిపిన ఆ దినములలో మాత్రమే గోడ ఆరినది. వ్రాసిన చేయి నాదే అయినను ఆ వ్రాతను అంతవరకు నేను చదువలేదు.

స్థపతి గారు రెండు గుంటలు త్రవ్వమన్నారు. ఒకటి ప్రాకారపు గోడ ప్రక్కన, కుళాయి ఉండిన వైపు. రెండవది గర్భాలయపు గోడ ప్రక్కన. నీరు బయటి నుండి వచ్చినచో బయటి గుంట ఎక్కువ తడిగా ఉండవలెను కదా. బయటి గుంటలో మూడు మూరల లోతు వరకు పొడి మట్టి. లోపలి గుంటలో మూరెడు లోతుననే చేతికి అంటుకొను నల్లని జిగట మట్టి. దానిని ముక్కు వద్దకు తీసికొనిన పులిసిన పాల వాసన వచ్చినది. కుళాయి నీటికి పాల వాసన ఉండదు. అది పంచామృతముల వాసన. నలుబది యేండ్లుగా నా చేతులకు ఉన్న వాసన.

ఈ గుంటలు త్రవ్వుటకు ఒక పూట పట్టినది. అవి పది యేండ్ల ముందే త్రవ్వవలసినవి. ఆలయ ఆవరణలో పార వేయరాదని అడ్డుపడినవాడను కూడ నేనే. శాస్త్రమున అట్టి నిషేధము లేదు. అది నా భయము.

ఇరువది బిందెలు

అయినను తొందరపడరాదని, ముందు కాళ్ళు కడుగుకొను కుళాయికి పోవు ఆలయపు గొట్టమును పరీక్షించినాము. రాత్రి కుళాయిలన్నియు కట్టివేసి, తొట్టిలోని నీటి మట్టమునకు బొగ్గుతో గీత పెట్టినాము. తెల్లవారి నీరు గీత వద్దనే ఉన్నది. గొట్టము నిర్దోషి.

పిదప గోముఖము క్రింద ఖాళీ గంగాళము పెట్టి, స్వామికి ఇరువది బిందెల నీటితో అభిషేకము చేసినాను. గోముఖము నుండి వచ్చిన నీటిని అదే బిందెతో కొలచినారు. పదమూడు వచ్చినవి. అరగంట వేచి చూచినను పదునాలుగవది నిండలేదు. ఏడు బిందెలు ఏమైనవి?

గర్భాలయములో పానవట్టము వెనుక, నైరుతి మూలలో, నీరు నిలిచి ఉన్నది. అది నాకు క్రొత్త కాదు. ప్రతి అభిషేకము తరువాతను అక్కడ నీరు నిలుచును. గుడ్డతో కొంత ఒత్తి తీయుదును, మిగిలినది ఉదయమునకు ఆరిపోవును. నేను ఆ మాట చెప్పగా స్థపతి గారు నా ముఖము చూచి, “అయ్యగారూ, గాలి, ఎండ చొరని గర్భాలయములో నీరు ఎట్లు ఆరును?” అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయినాను. అది ఆరుట లేదు, దిగుచున్నది.

తెరచి చూడగా

కళాకర్షణము జరిపి, స్వామివారి కళలను కుంభమునందు ఆవాహనము చేసి, బాలాలయమున ఉంచిన పిమ్మట గర్భాలయపు నేల తెరచినాము. సుమారు ముప్పది యేండ్ల క్రిందట ఒక భక్తుడు తన తల్లి పేర గర్భాలయమునకు నున్నని పలకలు పరిపించినాడు. పాత రాతి నేల ఉత్తరమునకు వాలి, నీటిని సోమసూత్రమునకు చేర్చునట్లు చెక్కబడినది. పలకల వలన నేల రెండు వ్రేళ్ళు ఎత్తు పెరిగినది, వాలు నైరుతికి తిరిగినది, సోమసూత్రపు నోరు సగము సిమెంటుతో మూసికొనిపోయినది. నిలిచిన నీరు పలకల అతుకులలో దిగి, పాతరాళ్ళ సందులలో దూరి, క్రింది మట్టిని కడిగికొనిపోయినది. ఒక రాయి ఎత్తి చూడగా దాని క్రింద ఒక మనిషి కూర్చొనునంత గుల్ల ఉన్నది. ఆ గుల్లకు జానెడు దూరములో నేను కూర్చొని ప్రతిదినము రుద్రము చెప్పినాను.

దాత భక్తిలో లోపము లేదు. పనివారు చెప్పినట్లు చేసినారు. నీరు ఎటు పోవునని అడుగవలసినది అర్చకుడు. పలకలు అందముగా ఉన్నవని ఆశీర్వదించినాను కాని ఆ ఒక్క మాట అడుగలేదు.

ఇంకొక సంగతి కూడ అప్పుడే తెలిసినది. ఊరిలో పెద్ద వయసు గల ఒక తల్లి, తన భర్త ఏటా ఆషాఢములో, వానలు ముదురకముందు, పేము బెత్తమునకు గుడ్డ చుట్టి సోమసూత్రమును ఆ చివరి నుండి ఈ చివరి వరకు తోమెడివాడని చెప్పినది. ఆయన పోయిన తరువాత కుమారులు పట్టణమునకు కూలికి పోయినారు. ఆ సేవను ఎవరును తీసికొనలేదు. అటువంటి సేవ ఒకటి ఉండినదని వ్రాసి పెట్టినవారును లేరు. ఇదియు మన ఆలయ చరిత్రయే. కట్టించిన వారి పేరు వలెనే, కాపాడిన వారి పేరును మనము పోగొట్టుకొన్నాము.

పలకలు తీసివేసి పాత రాతి వాలును తిరిగి వెలికి తెచ్చినారు. గుల్లలో ఇసుకను పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మెసతో కొట్టినారు. రాళ్ళ అతుకులను సున్నముతో పూరించినారు. ఇరువది బిందెల పరీక్ష మరల జరిపినాము. ఇరువదవ బిందె గొంతు వరకు నిండినది. గోడకు వెంటనే పూత వేయక, ఒక కార్తికము, ఒక శివరాత్రి గడచి గోడ పొడిగా నిలిచిన తరువాతనే తక్కిన పనులు చేసినారు. పిమ్మట అష్టబంధనము జరిగినది. ఎనిమిది ద్రవ్యములతో చేసిన ఆ ముద్ద స్వామిని పీఠముతో కలుపుట మాత్రమే కాక అభిషేక జలము పీఠము క్రిందికి దిగకుండ అడ్డుకొనును. పండ్రెండేండ్లకు ఒకసారి దానిని మార్చవలెనని పెద్దలు ఊరక చెప్పలేదు.

ఆ ఇంటికి పోయినాము

సంఘము పెద్దలును నేనును ఆ ఇంటికి పోయినాము. తప్పు మాదేనని, నీరు మీది కాదు, నేను పోసినదేనని చెప్పి, క్షమింపుమని అడిగినాను. ఆ ఇల్లాలు చాలసేపు మాటలాడలేదు. తరువాత, “నాలుగేళ్ళు బావి నుంచి మోసినాం అయ్యగారూ. మా మోకాళ్ళు అరిగినయ్యి గానీ మీ గోడ ఆరలేదు,” అన్నది. “కుళాయి ఎప్పుడు పెట్టిస్తారు?” అని అడిగినది. ఆ వారములోనే పెట్టించినాము. ఆమె క్షమించినదో లేదో నేను చెప్పలేను, అడుగుటకు నాకు అర్హత లేదు. ఆ కుటుంబము నిర్దోషులని ఈ సంచిక ద్వారా ఊరివారికి, దూరదేశములలో ఉన్న మన ఊరివారికి తెలియజేయుచున్నాను. నింద నలుగురిలో వేసినప్పుడు దానిని తీసివేయుట కూడ నలుగురిలోనే జరుగవలెను.

ఇక మీదట

మీ ఇండ్లలోను ఇట్టి తేమ కనబడవచ్చును. తడి కనబడిన చోటనే నీరు పుట్టినదని తలంపకండి. అది ఎప్పుడు పెరుగును, ఎప్పుడు తగ్గును అను లెక్కను కొన్ని వారములు వ్రాసికొనండి. రాత్రి కుళాయిలు కట్టి తొట్టిలో గీత పెట్టి ఉదయము చూడండి. పోసిన నీటిని, బయటికి వచ్చిన నీటిని కొలవండి. పునాది ప్రక్కన ఒకటి, దూరముగ ఒకటి గుంట త్రవ్వి పోల్చండి. ఇవన్నియు చేసిన తరువాతనే పొరుగువారి వంక చూడండి.

ఆలయమునకు సంబంధించి సంఘము వారు ఈ క్రింది నియమములను పుస్తకమున వ్రాయించినారు. ఏటా ఆషాఢములో సోమసూత్రమును తోమవలెను, తోమినవారి పేరు వ్రాయవలెను. శివరాత్రికి ముందు ఇరువది బిందెల పరీక్ష జరుపవలెను. వాలు చూడక గర్భాలయపు నేలపై ఏ పలకయు పరుపరాదు.

శివాలయ ప్రదక్షిణములో సోమసూత్రమును దాటరాదని మీకందరికిని తెలిసినదే. అక్కడి వరకు వచ్చి, ఆగి, వెనుకకు మరలుదుము. ముప్పది యేండ్లు ఇన్ని వందల మందిమి ప్రతిదినము అక్కడ ఆగినాము, ఒక్కరమును దాని వంక చూడలేదు. ఇకమీదట మీరు అక్కడ ఆగినపుడు గోముఖము వైపు ఒక్కసారి చూడవలెనని ప్రార్థన. లోపల అభిషేకము జరుగుచుండగా అక్కడ నీటి ధార సన్నగిలినచో వెంటనే నాతో చెప్పండి. నా తరువాత వచ్చు అర్చకునితో చెప్పండి.

స్వస్తి.